కొరతను గీయడం ఎలా? ఇంధనం, తిండి, ఉత్తర తెలంగాణ బొమ్మలు

రామగుండంలోని ఎన్టీపీసీ పాత విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం వచ్చింది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సంస్థ సొంతంగా కట్టుకున్నది 1,200 మెగావాట్లది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం మరో 1,100 మెగావాట్లు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి లోయ వెంట బెల్లంపల్లి దాకా పాకింది. ఆ బొగ్గుతో పుట్టిన కరెంటు దక్షిణాది రాష్ట్రాలకూ వెళ్తోంది. ఇంత ఇంధనం పుట్టే నేల మీద కూడా కొరత వస్తూనే ఉంది. అయితే అది పొగగొట్టాల దగ్గర కనిపించదు. పొలంలో స్టార్టర్ డబ్బా దగ్గర, సహకార సంఘం గోదాము ముందు, పిండి గిర్నిలో, పొయ్యి దగ్గర కనిపిస్తుంది.

ఇంధన సంక్షోభం గురించి గీసే బొమ్మలు, తీసే ఫొటోలు ఎక్కువగా పొగగొట్టాన్నీ, హైటెన్షన్ టవరునూ, పెట్రోలు బంకు ముందు బారులు తీరిన వాహనాలనూ పట్టుకుంటాయి. అవి తేలికగా దొరికే గుర్తులు. కానీ వాటిని చూసినవారికి ఒక రైతు ఎందుకు నిద్రపోలేదో, ఒక ఇంట్లో రొట్టె పోయి అన్నం ఎందుకు వచ్చిందో తెలియదు. తిండికీ బతుకుతెరువుకూ ఇంధనంతో ఉన్న ముడిని చూపాలనుకునే కళకు మొదటి ఆటంకం ఇక్కడే ఎదురవుతుంది. ప్రభుత్వం ధరను కట్టడి చేసిన చోట కొరత రూపాయల్లో రాదు, గంటల్లో వస్తుంది. రూపాయలను ఒక పట్టికలో చూపవచ్చు. గంటలను బొమ్మలో పెట్టడం చాలా కష్టం.

వ్యవసాయ కరెంటునే తీసుకుందాం. విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. అప్పటి గొడవ ధర గురించే. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక వ్యవసాయానికి ధర సున్నా అయింది. కొరత మాత్రం పోలేదు. రోజుకు ఏడు గంటలు, మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు అన్నారు. అదీ విడతలు విడతలుగా, అందులో ఒక విడత తరచుగా అర్ధరాత్రి దాటాక. వరి మడికి నీళ్లు పెట్టాలంటే ఆ వేళకే లేవాలి. చీకట్లో పాములు కరిచి, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని షాక్ తగిలి ఎందరో రైతులు పోయారు. కరెంటు బిల్లు కట్టనక్కరలేని ఆ రైతు నిద్రతో కట్టాడు, కొన్నిసార్లు ప్రాణంతోనే కట్టాడు.

దీనికి విరుగుడుగా ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటారు తనంతట తానే నడుస్తుంది, రైతు పడుకోవచ్చు. అయితే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో ఎత్తుకుంటే దాని మీద భారం ఒక్కసారిగా పడుతుంది. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు కాలతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అప్పుడు మళ్లీ లైన్‌మన్ కోసం, మోటారు వైండింగ్ దుకాణం కోసం తిరగాలి. ఈలోగా చివరి మడి ఎండుతుంది. ఒకరి నిద్రను కాపాడిన పరికరం పది మంది పంటను ఎండబెట్టవచ్చు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల వ్యవసాయ విద్యుత్తు మొదలైనప్పుడు ప్రభుత్వమే ఈ ఆటో స్టార్టర్లను తీసేయమని రైతులను కోరింది.

ఈ ప్రాంతంలో ఒకప్పుడు నీటి కథ కరెంటు కథ కాదన్నది గుర్తుంచుకోవాలి. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు వాలును నమ్ముకుని కట్టినవి. తూము ఎత్తితే నీళ్లు పొలానికి పారతాయి, ఇంధనం ఖర్చు లేదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూగర్భ పంపుహౌసులో బిగించిన ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు. అలాంటివి ఏడు ఉన్నాయి. చెరువు కింద పండిన గింజలో, ఎత్తిపోసిన నీటితో పండిన గింజలో ఉన్న బొగ్గు ఒకటే కాదు. అన్నం ముద్దలో ఆ తేడా రుచికి తెలియదు కాబట్టి దాన్ని కంటికి చూపాల్సిన పని కళాకారుల మీద పడుతుంది.

రామగుండంలోనే దీనికంటే చిక్కైన సంగతి ఒకటుంది. 1980లో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టిన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో యూరియా తయారు చేసేది. 1999లో మూతపడింది. దాని స్థానంలో 2021లో నడక మొదలుపెట్టిన కొత్త కర్మాగారం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగలదు, కానీ బొగ్గుతో కాదు. కాకినాడ వైపు మల్లవరం నుంచి పైపులైనులో వచ్చే సహజవాయువుతో. సహజవాయువు నుంచి హైడ్రోజన్‌ను విడదీసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు, దాని నుంచి యూరియా. అంటే వాయువు ఇక్కడ మంట మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ప్రపంచమంతటా వాయువు ధర ఎగబాకితే ఎరువు ధరా ఎగబాకింది. బొగ్గు గనుల నడుమ ఉన్న కర్మాగారం సముద్రం అవతలి యుద్ధానికి ముడిపడి ఉంది.

అయినా మన రైతుకు 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరకాలి. ధర కదలదు. కాబట్టి కొరత మళ్లీ గంటల్లోకి మారింది. 2025 వానాకాలంలో తెలంగాణ జిల్లాల్లో సహకార సంఘాల ముందు రైతులు తెల్లవారకముందే చేరారు. నిలబడలేనప్పుడు తమ స్థానంలో చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు, రాళ్లు వరుసగా పెట్టి పక్కన కూర్చున్నారు. నాటు వేసిన మూడు నాలుగు వారాలకు వరి పిలకలు పెట్టే దశలో యూరియా పడకపోతే పిలకలు తగ్గుతాయి, ఆ లోటు తరువాత పూడదు. క్యూలో పోయిన రోజు కూలి పోయిన రోజే, దిగుబడి పోయిన రోజు కూడా.

ఆ చెప్పుల వరుస ఫొటోలు పత్రికల్లో, ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఇంధన కొరత మీద ఈ ప్రాంతం ఇచ్చిన అతి బలమైన బొమ్మ అదేనని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు. దాన్ని ఏ కళాకారుడూ అమర్చలేదు, అవసరమే అమర్చింది. అందులో మనిషి ముఖం లేదు, కన్నీరు లేదు. కానీ ప్రతి జత అరుగుదలలో ఒక నడక ఉంది, ప్రతి జత వెనుక ఎంతసేపటి నుంచో ఎదురుచూస్తున్న ఒక మనిషి ఉన్నాడు. గంటలను వస్తువుగా మార్చడం ఎలాగో ఆ వరుస చూపించింది. ఆ ఫొటోకు ఒక లోటు కూడా ఉంది. చెప్పుల వెనుక సంఘం గోదాము కనిపిస్తుంది, గోదాము వెనుక రామగుండం కనిపించదు, రామగుండం వెనుక పైపులైను అసలే కనిపించదు. బాధ తెలుస్తుంది, దాని దారి తెలియదు. దారి తెలియని చూపరి కోపం గోదాము తాళం చేతిలో ఉన్న గుమాస్తా మీదకే పోతుంది.

వంటింట్లో ఈ లెక్క ఇంకా మెల్లగా తేలుతుంది. దేశం వాడే వంట గ్యాస్‌లో ఇంచుమించు 60 శాతం దిగుమతి, అందులో అధిక భాగం పశ్చిమాసియా నుంచి హోర్ముజ్ జలసంధి మీదుగా వస్తుంది. పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఉజ్వల పథకం 2016లో మొదలై కోట్ల ఇళ్లకు సిలిండరు చేర్చింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి అర్హులైన కుటుంబాలకు సిలిండరు 500 రూపాయలకే అన్నారు, కానీ ముందు పూర్తి ధర కట్టాలి, తేడా తరువాత ఖాతాలో పడాలి. చేతిలో ఆ మొత్తం లేని వారం కట్టెల పొయ్యే గతి. పెరట్లో ఆ పొయ్యిని ఇప్పటికీ కూల్చని ఇళ్లు పల్లెల్లో చాలా ఉన్నాయి. కట్టె కొనకపోతే ఏరుకోవాలి. ఏరుకునే గంటలు దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లవే.

ఏ వంటకు ఎంత మంట కావాలన్నది తిండి చరిత్రలో పెద్ద విషయం. వరంగల్, కరీంనగర్ వైపు చేసే సర్వపిండిని చూడండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడకు పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు. ఒకటి దిగాక గిన్నె చల్లారితే కానీ రెండోది అద్దలేరు. కట్టెల పొయ్యి మీద అన్నం, కూర దిగాక మిగిలిన నిప్పులకు ఇది సరిగ్గా సరిపోయే వంట; ఆ వేడి ఎలాగూ వృథా అయ్యేదే. గ్యాస్ పొయ్యి మీద మిగిలిన వేడి అంటూ ఉండదు. ప్రతి నిమిషం సిలిండరులోంచి పోతుంది. కాబట్టి ఒకప్పుడు పైసా ఖర్చు లేని చిరుతిండి ఖర్చైన వంట అయింది. జొన్న గటక కూడా అంతే, మెల్లగా చాలాసేపు ఉడకాలి. రాత్రి పులియబెట్టి పొద్దున చల్లగా తాగే అంబలి, మళ్లీ పొయ్యి వెలిగించకుండా ఒక పూట గడిపే ఉపాయం. జొన్న పోయి వరి రావడానికి సాగునీరు, రేషన్ బియ్యం పెద్ద కారణాలు. అయినా తొందరగా ఉడికే అన్నం వైపు వంటింటిని నెట్టడంలో పొయ్యి మార్పుకు కూడా పాలు ఉంది. ఈ మార్పును ఏ ఒక్క రోజూ ఎవరూ చూడలేదు.

పంట చేతికి వచ్చాక కూడా మంట వదలదు. నిజామాబాద్, జగిత్యాల రైతులు పసుపు తవ్వాక కడాయిల్లో ఉడకబెట్టాలి. కట్టెలు, ఎండుటాకులు ఆ పనికి బండ్ల కొద్దీ కావాలి. అందుకే ఆవిరితో ఉడికించే యంత్రాలు వచ్చాయి. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లను వరి ఊకతోనే నడుపుకుంటాయి.

ఇక ఈ సంగతులను కళ ఎలా పట్టుకుందో చూస్తే, ముందుగా గుర్తుకొచ్చేది విన్సెంట్ వాన్ గో 1885లో వేసిన బంగాళాదుంపల భోజనం చిత్రం. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన బెల్జియంలోని బొరినాజ్ బొగ్గు గనుల ప్రాంతంలో మత ప్రచారకుడిగా ఉన్నారు, గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు బొగ్గు బస్తాలు మోయడం తరువాత గీశారు. భోజనం చిత్రంలో ఒకే ఒక్క నూనె దీపం కింద ఒక రైతు కుటుంబం ఒకే పళ్లెంలోంచి దుంపలు తింటుంది. నేల తవ్విన చేతులే పళ్లెంలోకి చాచిన చేతులని చూపడమే తన ఉద్దేశమని ఆయన ఉత్తరంలో రాశారు. తిండి, శ్రమ, వెలుగు మూడూ ఒక్క చట్రంలో ఇమిడిన చిత్రం అది. దీపం తీసేస్తే బొమ్మ మొత్తం పోతుంది. కానీ ఆ ఇంట్లో పండినదే ఆ ఇంట్లో తింటున్నారు, అందుకే ఒక్క చట్రం చాలింది. గ్యాస్ గల్ఫ్ నుంచి, యూరియా పైపులైను నుంచి, నీళ్లు పంపుహౌసు నుంచి వచ్చే ఇల్లు ఒక్క చట్రంలో ఇమడదు.

మన పొరుగునే మరో దారి తొక్కినవారు ఉన్నారు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా సాస్తిలో 1986లో పుట్టిన ప్రభాకర్ పాచ్‌పుతే కుటుంబం తరాలుగా బొగ్గు గనుల్లో పనిచేసింది. సాస్తి ఉన్న రాజురా తాలూకా హైదరాబాద్ సంస్థాన కాలంలో ఆదిలాబాద్ జిల్లాలోనిదే. ఆయన ఎక్కువగా బొగ్గుతోనే గోడల మీద గీస్తారు. తల స్థానంలో దీపాలూ పనిముట్లూ మొలిచిన మనుషులు, తవ్వేసిన నేలలు. ప్రదర్శన ముగిశాక ఆ గోడ బొమ్మలు చెరిగిపోతాయి. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 1990ల మొదట్లో రంగులను పక్కనపెట్టి పేడను పట్టుకున్నారు. పేడ అంటే ఇల్లు అలికేది, పిడకై అన్నం ఉడికించేది. ఈ ఇద్దరి పద్ధతీ ఇంధనాన్ని గీయడం కాదు, ఇంధనంతోనే గీయడం. అందులో నిజాయితీ ఉంది, బరువు ఉంది. అయితే బొగ్గును తాకినంత మాత్రాన బొగ్గు నుంచి కంచం దాకా ఉన్న మెట్లు కనిపించవు.

తెలంగాణ చిత్రకళలో పల్లె బతుకు పుష్కలంగా ఉంది. సిద్దిపేట కాపు రాజయ్య బొమ్మల్లో పండుగలూ వృత్తులూ, వరంగల్ ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ ఫొటోల్లో ఇళ్లూ తలుపులూ పని చేసే మనుషులూ ఒక తరం మొత్తాన్ని నిలబెట్టాయి. వారి తరువాత మన గోడలకు చేరిన పల్లెటూరి బొమ్మల్లో చాలావాటిలో మాత్రం పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, బావిలో నీళ్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. ఆ పల్లె ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఇది విచారించాల్సిన విషయమే, ఎందుకంటే ఈ నేలకు కొరతను కథగా చెప్పే సాధనం కొత్తగా వెతుక్కోనక్కరలేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చెర్యాలలో అది శతాబ్దాలుగా ఉంది.

నకాశీ చిత్రకారులు గీసే చెర్యాల పటం మూడడుగుల వెడల్పుతో, 30 అడుగులు దాటిన పొడవుతో కూడా ఉండేది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు పూతగా పట్టించి, ఎర్రని నేపథ్యం మీద అడ్డ గళ్లుగా విడదీసి కథను పైనుంచి కిందికి నడుపుతారు. నలుపును దీపపు మసి నుంచి తీసేవారు. ఆ పటాలు దేవుళ్ల కథలే కాదు, వృత్తుల కథలు కూడా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబ పురాణం. ఒక వృత్తి ఎక్కడ పుట్టింది, ఏ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారు అన్నది వాటి సారం. ఇంధన కొరత గురించి అడగాల్సిన ప్రశ్నలూ ఇవే.

దీన్ని ఊహించి చూడవచ్చు. పై గడిలో ఆనవాయితీ ప్రకారం గణపతి. కింద ఓపెన్‌కాస్ట్ గని, దాని మట్టిగుట్ట, గుట్ట కింద పోయిన ఊరి చెరువు. ఆ కింద రామగుండం, ఒక పక్క నుంచి బొగ్గు రైలు, మరో పక్క నుంచి సముద్రం వైపు పైపు. తరువాత గోదాము, ఊక మండుతున్న మిల్లు బాయిలరు, మోటారు గుడిసె, చివరికి పొయ్యి. పట కథలో ఒకే పాత్ర గడి గడికీ మళ్లీ కనిపిస్తుంది. చూసేవారికి అది వింత కాదు. అదే చీర కట్టిన ఒకే స్త్రీ పొద్దున క్యూలో, మధ్యాహ్నం కట్టెల మోపుతో, సాయంత్రం పొయ్యి దగ్గర, అర్ధరాత్రి స్టార్టర్ దగ్గర ఉంటే, ఆమె రోజులో ఎన్ని గంటలు ఇంధనానికే పోయాయో అంకె చెప్పకుండానే తేలిపోతుంది. ఫొటోకు చేతకాని పని ఇది. నేపథ్యం అంతటా ఎరుపే కాబట్టి రాత్రి గడి కూడా పగటి గడి అంత స్పష్టంగా ఉంటుంది. వాన్ గో చీకటి మనుషులను కమ్ముతుంది. చెర్యాల ఎరుపు ఎవరినీ దాచదు. రాత్రి కరెంటు కోసం లేచిన మనిషిని అందరూ చూడాలంటే అదే సరైన పద్ధతి.

ఇంకొకటి, పటం గోడ మీద వేలాడే బొమ్మగా పుట్టలేదు. కథకుడు కర్రతో గడిని చూపిస్తూ చెబుతాడు, వినేవారు ఆపి అడుగుతారు. యూరియా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు గుమాస్తా దగ్గర ఆగిపోకుండా కర్ర పై గడికి, ఇంకా పై గడికి వెళ్లగలదు.

ఇలాంటి పటం తేలికగా రాదు. చేతివృత్తులే ఇంధన కొరతకు లోబడి ఉన్నాయి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును మళ్లీ మళ్లీ కాల్చి మెత్తబరచకుండా బొమ్మ తేలదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఓజాలు అనే లోహ కళాకారులు మైనపు తీగలతో అచ్చు చుట్టి, మట్టి పూసి, కొలిమిలో ఇత్తడి కరిగించి పోస్తారు. 2018లో వారి కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా బొగ్గు, ఇత్తడి ఖరీదు తగ్గలేదు. చెర్యాలకూ ఆ గుర్తింపు దక్కింది, కానీ ఇప్పుడు పటం గీసే కుటుంబాలు కొన్నే. టీవీ, సినిమా వచ్చాక పట కథకులకు పిలుపులు తగ్గిపోయాయి. బతకడానికి చిత్రకారులు చిన్న చట్రాలకు, మాస్కులకు, అలంకరణ వస్తువులకు మళ్లారు. వారిని తప్పుపట్టడానికి లేదు, 30 అడుగుల పటం అడిగేవారు లేకపోతే ఎవరూ గీయరు.

పాత పటాన్ని ఆ వృత్తి కులమే గీయించుకుని, కథకుడికి ఏటా గింజలో, డబ్బులో ఇచ్చేది. కథ ఎవరిదో ఖర్చు వారిదే, అందుకే కథ వారి వైపు మాట్లాడింది. కొత్త పటానికి బొగ్గు కంపెనీలో విద్యుత్ సంస్థలో తమ సామాజిక బాధ్యత నిధుల నుంచి డబ్బు పెడతామని రావచ్చు. ఆ డబ్బుతో మట్టిగుట్ట గడి, పోయిన చెరువు గడి ఉన్నవి ఉన్నట్టుగా మిగులుతాయని నమ్మడం కష్టం. రైతుల సహకార సంఘం, మహిళా సంఘం, గని కార్మికుల యూనియన్ తలా కొంత వేసుకుని చెర్యాలకు వెళ్లి గీయించుకుంటే పటంలో ఏ గడి ఉండాలో, ఏ మనిషిని పెద్దగా గీయాలో వాళ్లే చెప్పగలరు. మూడు సంఘాలకూ పొత్తు కుదరకపోతే మహిళా సంఘం ఒక్కటే మొదలుపెట్టినా చాలు, కట్టెలూ సిలిండరూ క్యూ గంటల లెక్క అందరికంటే బాగా తెలిసింది వారికే.